ఎనిమిదింట ఒక ఖాళీ

సుద్దాయన ఆరడుగుల మనిషి. కానీ బజారు వీధిలో ఆయన్ని నిటారుగా చూసినవాళ్లు తక్కువ. రోజులో సగం వంగే ఉంటాడు. ఆగి ఉన్న ప్రతి కారు దగ్గరా నడుం వంచి, టైరు మీద సుద్దముక్కతో ఒక గీత, దానికి సరిగ్గా ఎదురుగా రోడ్డు మీద ఇంకో గీత గీసి, లేచి, తరవాతి కారు దగ్గరికి వెళ్తాడు. గంటకి మళ్లీ వస్తాడు. రెండు గీతలూ ఇంకా ఎదురెదురుగా ఉంటే కారు కదల్లేదని లెక్క. ఆ నంబరు పుస్తకంలో రాసుకుంటాడు. ట్రాఫిక్ ఆఫీసులో ఆయన ఉద్యోగం ఇదే. పదకొండేళ్లుగా చేస్తున్నాడు. అంతకుముందు ఒక కార్ఖానాలో లేతు మీద కుర్చీ కాళ్లు చెక్కేవాడు. జనం ప్లాస్టిక్ కుర్చీలకి అలవాటుపడ్డాక ఆ కార్ఖానా మూతపడింది. ప్లాస్టిక్ కుర్చీలో ఆయన ఇప్పటికీ కూర్చోడు.

సుద్ద గీతని తడిగుడ్డతో తుడిచేసి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకని ఆయన వాల్వు కూడా చూసుకుంటాడు. చక్రానికి గాలి కొట్టే చిన్న వాల్వు. చక్రాన్ని గడియారం అనుకుంటే వాల్వు అందులో ముల్లు. పొద్దున్న నాలుగు దగ్గర ఉన్న ముల్లు సాయంత్రం కూడా నాలుగు దగ్గరే ఉంటే ఆ కారు ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లొచ్చిన చక్రం మళ్లీ అదే గంట దగ్గర ఆగడం అరుదు. ఇది ఎవరూ నేర్పలేదు. లేతు మీద తిరిగే కర్ర మీద ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూసే అలవాటు చేతిలో మిగిలిపోయింది. వాల్వుని ఎవరూ గుడ్డతో తుడవలేరు.

ఆ వీధిలో కార్లు ఆపుకోవడానికి అరవై నాలుగు గడులున్నాయి. ఆ తెల్లగీతలు గీసిన పెయింటర్ని నేనే కాబట్టి ఆ సంఖ్య మీద నాకు అనుమానం లేదు. రెండు పక్కలా కొట్లు, కొట్ల ముందు గడులు, మధ్యలో బస్సు పోయే దారి. వీధికి ఒక చివర ఆసుపత్రి. మొత్తం పొడవు కిలోమీటరు కూడా ఉండదు. సాయంత్రం పూట ఆరో నంబరు బస్సు ఆ దూరం దాటడానికి నలభై నిమిషాలు పట్టేది.

ఈ నలభై నిమిషాల లెక్క సుద్దాయనకి ఇంట్లోనే తెలిసింది. ఆయన భార్య ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనిచేస్తుంది. రోజుకి నాలుగు వందల దుప్పట్లు మడత పెట్టాలి, అంతా నిలబడే. ఎడమ మోకాలు అరిగిపోయింది. సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర అరకిలో బఠాణీ కాయలు కొనుక్కుని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టేది. బస్సు బజారు వీధి దాటేసరికి అరకిలో అయిపోయేది. తొక్కలు ఒక సంచిలో, గింజలు డబ్బాలో. ఇంటికొచ్చి డబ్బా బల్ల మీద పెట్టి, “ఇవాళ అన్నీ అయిపోయి ఇంకా ఖాళీగా కూర్చున్నా” అందంటే ఆరోజు వీధి మరీ ఘోరంగా ఉందని అర్థం.

ఒకరోజు బస్సు కంపెనీ అన్ని స్టాపుల్లోనూ ఒక కాగితం అంటించింది. బజారు వీధిలో బస్సులు ఆగిపోతున్నాయి కాబట్టి ఆరో నంబరుని ఊరి బయట రోడ్డు మీదుగా నడపాలనుకుంటున్నారు. బయట రోడ్డు మీద స్టాపు నుంచి ఆసుపత్రికి కిలోమీటరున్నర. ఆవిడ కాగితం రెండుసార్లు చదివి ఇంటికొచ్చింది.

“బస్సు మారిస్తే నేను మానేస్తానండీ,” అంది. “ఈ మోకాలితో పొద్దున్న కిలోమీటరున్నర, సాయంత్రం కిలోమీటరున్నర నావల్ల కాదు.”

సుద్దాయన మర్నాడు జేబులో ఒకటికి రెండు సుద్దముక్కలు వేసుకుని వెళ్లాడు.

ఆ రోజుల్లోనే ట్రాఫిక్ ఆఫీసుకి ఒక ఇంజనీరమ్మ కొత్తగా వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, నడక జోరు. మొదటిరోజే సుద్దాయన్ని పిలిచి, “మీరు రోజంతా ఆ వీధిలోనే ఉంటారు కదా. అంతమంది కార్లేసుకుని ఎక్కడికి పోతున్నారండీ?” అని అడిగింది.

“ఎక్కడికీ పోవట్లేదమ్మా.”

“మరి?”

“చోటు కోసం తిరుగుతున్నారు. మొన్న ఒక ఎర్ర కారు వెంట నడిచాను. ఏడు చుట్లు తిరిగాడు. ఐదో చుట్టులో నాకు నమస్కారం పెట్టాడు. ఏడో చుట్టులో వాళ్లమ్మాయికి సంబంధం కుదిరిన సంగతి చెప్పాడు.”

ఇంజనీరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. “మీరు నడిచారా? కారు పక్కన?”

“అప్పుడప్పుడు ఆగి, కారు వచ్చేదాకా చూడాల్సొచ్చింది.”

ఆవిడ పెట్టిన పథకం ఇది. అప్పటిదాకా ఆ వీధిలో రోజంతా కారు పెట్టుకుంటే కట్టేది ఒక కాఫీ ధర కంటే తక్కువ. అంత చవగ్గా వస్తే పొద్దున్న పెట్టినవాడు సాయంత్రం దాకా తీయడు. ఇకనుంచి గంటకింత అని కట్టాలి. మొదట గంటకి అరకాఫీ ధర. వీధిలో ఎప్పుడు చూసినా ఎనిమిది గడుల్లో ఒకటి ఖాళీగా ఉండాలి, అంటే అరవై నాలుగులో ఎనిమిది. ఖాళీలు అంతకంటే తక్కువైతే రెండు వారాలకోసారి ధర ఒక మెట్టు ఎక్కుతుంది. ఎక్కువైతే ఒక మెట్టు దిగుతుంది. మెట్టంటే అరకాఫీ. చోటు దొరికితే తిరిగే కార్లు తగ్గుతాయి, అవి తగ్గితే బస్సు కదులుతుంది. మూడు నెలలు చూద్దామని బస్సు కంపెనీ కూడా ఒప్పుకుంది. చివరి వారంలో ఐదు సాయంత్రాలు వాళ్ల మనిషి వాచీ పట్టుకుని బస్సులో కూర్చుంటాడు. ఐదురోజులూ పది నిమిషాల్లోపు వీధి దాటితే ఆరో నంబరు ఉంటుంది. ఒక్కరోజు తప్పినా బయట రోడ్డే.

వీధి రెండు చివర్లా ఈ సంగతంతా బోర్డు మీద నేనే రాశాను. ధర అంకె ఉన్నచోట మాత్రం మార్చుకోవడానికి వీలుగా నల్లరంగు వేశాను.

వర్తక సంఘం మీటింగు పెట్టమంది. సంఘం ప్రెసిడెంటుకి చెప్పుల కొట్టుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన సుద్దాయన భార్యకి సొంత తమ్ముడు.

“ధర పెంచితే కొనేవాడు వస్తాడా అమ్మా?” అన్నాడు ప్రెసిడెంటు లేచి. “చోటు చాలకపోతే ఇంకో రోడ్డు వెయ్యండి.”

“ఎక్కడ వెయ్యమంటారు?” అంది ఇంజనీరమ్మ.

“అది మీ పని.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ సుద్దాయన వైపు తిరిగింది. ఆయన లేచి పుస్తకం తీశాడు. ఉపన్యాసం ఇవ్వలేదు. చదివాడు.

“పద్దెనిమిదో గడి. తెల్ల వ్యాను. పొద్దున్న తొమ్మిదికి వాల్వు నాలుగు దగ్గర. పదికి నాలుగు. పదకొండుకి నాలుగు. పన్నెండుకి సుద్ద గీత తుడిచేశారు, వాల్వు నాలుగు. ఒంటిగంటకి నాలుగు...”

“సాయంత్రం ఆరుకి?” అంది ఇంజనీరమ్మ.

“నాలుగు.”

“ఎవరిదండీ ఆ వ్యాను?”

“మా బామ్మర్దిది.”

వెనక బెంచీలో ఎవరో ఫక్కున నవ్వారు. సుద్దాయన పేజీ తిప్పి పంతొమ్మిదో గడి మొదలుపెట్టాడు. నవ్వినాయన కళ్లద్దాల కొట్టాయన. పంతొమ్మిదో గడి ఆయనదే. మొత్తం అరవై నాలుగులో రోజంతా కదలనివి నలభై ఒకటి. ఆ నలభై ఒకటిలో ఇరవై తొమ్మిది కొట్లవాళ్లవీ, కొట్లలో పనిచేసేవాళ్లవీ. కొనడానికి వచ్చినవాళ్లు మిగతా చోటు కోసం తిరుగుతున్నారు.

ఆ ఆదివారం ప్రెసిడెంటు అక్క ఇంటికి భోజనానికొచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. అన్నం కలుపుకుంటూ మొదలుపెట్టాడు.

“ఏం బావా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నాకు మొదటి బంతిలోనే పరువు తీశావు.”

“నేను వడ్డించట్లేదురా. విస్తళ్లు లెక్కపెడుతున్నా.”

“అక్కా, చూడు బావ ఎట్లా మాట్లాడుతున్నాడో.”

“బస్సు ఎత్తేస్తే నా ఉద్యోగం పోతుందిరా,” అంది అక్క. “గోదాము వెనక అంత మైదానముంది. నెలంతా పెట్టుకున్నా ఇక్కడి రెండ్రోజుల ధర కాదు. అక్కడ పెట్టుకోలేవూ?”

“అక్కణ్ణుంచి కొట్టుకి ఐదు నిమిషాలు నడవాలక్కా!”

“నేను కిలోమీటరున్నర నడవాలి.”

“నీకేం, పదకొండో నంబరు బస్సుంది కదా,” అని తన రెండు కాళ్లూ చూపించి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. పెరుగు గిన్నె ఆయనకి అందనంత దూరం జరిపింది.

మొదటి రెండు వారాల్లో ఖాళీలు మూడుకి మించలేదు. ధర ఒక మెట్టెక్కింది. నేను నిచ్చెనేసుకుని అంకె మార్చాను. అప్పుడు ప్రెసిడెంటుకి పౌరుషమొచ్చింది. “మన బళ్లు ఒక్కటి కూడా కదలకూడదు. ఖాళీ ఉన్న గడులు కూడా మనమే నింపుదాం. వీధి ఎప్పుడూ నిండి ఉంటే వాళ్ల పథకం పనిచెయ్యదని లోకానికి తెలిసిపోతుంది” అని సంఘంలో తీర్మానం చేయించాడు. కార్లు లేనివాళ్లు చుట్టాల దగ్గర అడిగి తెచ్చారు. గడియారాలు బాగుచేసే ఆయనకి కారు లేదు, నడపడమూ రాదు. అల్లుడి కారు తెప్పించి కొట్టు ముందు పెట్టించాడు. అది అక్కడ తొమ్మిది రోజులుంది, తాళంచెవి జేబులో వేసుకుని అల్లుడు ఊరెళ్లిపోయాడు.

పుస్తకంలో ఖాళీలు సున్నా. సున్నా ఎనిమిది కంటే తక్కువ. ధర ఇంకో మెట్టెక్కింది. వాళ్లు ఇంకా బిగించారు. ఇంకో మెట్టెక్కింది. ఎనిమిదో వారానికి గంటకి రెండున్నర కాఫీలయింది. తన చెప్పుల కొట్టు ముందు తన వ్యాను పెట్టుకోవడానికి ప్రెసిడెంటు రోజుకి ఇరవై రెండున్నర కాఫీల ధర కడుతున్నాడు. నాకు మాత్రం పని బాగా దొరికింది.

బస్సు సంగతి చెప్పనక్కర్లేదు. సుద్దాయన భార్య అరకిలో మానేసి కిలో కొనడం మొదలుపెట్టింది.

సుద్దాయన రోజూ పది చుట్లు వేశాడు. లెక్కపెట్టడానికి ఆఫీసు ఒక ఫలకం లాంటి ఫోనిచ్చింది. మధ్యాహ్నం ఎండకి అది వేడెక్కి ఆగిపోయేది. అందుకని ఆయన ఇంట్లో ఉన్న పాత చెక్కపీట తీసుకుని అరవై నాలుగు బెజ్జాలు వేశాడు, వీధిలో గడులు ఎట్లా ఉన్నాయో అదే వరసలో. కుర్చీ కాళ్లు చెక్కిన చేతితో అరవై నాలుగు చిన్న కర్రమేకులు చెక్కాడు. కారున్న గడికి మేకు దిగుతుంది, ఖాళీ గడికి బెజ్జం మిగులుతుంది. ఒక చుట్టయ్యేసరికి వీధి మొత్తం చేతిలో ఉంటుంది. ఇంజనీరమ్మ ఆ పీట తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక మేకు లాగి మళ్లీ పెట్టింది. వదులు లేదు, బిగుతు లేదు. ఫోను గురించి ఆ తరవాత ఆవిడ అడగలేదు.

ఇంకా నాలుగు వారాలే మిగిలాయి. ఆ ఆదివారం భోజనాల దగ్గర ప్రెసిడెంటు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

“అమ్మకాలు సగం పడిపోయాయక్కా. కొట్లోకి ఎవరూ రావట్లేదు.”

“ఎట్లా వస్తార్రా? ఎక్కడ ఆగాలి వాళ్లు, నీ వ్యాను మీదా?”

ఆయన వినిపించుకోలేదు. బావ వైపు తిరిగాడు. “బావా, ఈ ధర ఎప్పుడు దిగుతుంది?”

“బోర్డు మీద రాసుంది.”

“చదివాన్లే. ఖాళీలు ఎక్కువుంటే దిగుతుందనుంది. నిజంగా దించుతారా?”

“రాసిందంతే.”

“ఎన్ని ఖాళీలుండాలి?”

“ఎనిమిది దాటితే చాలు.”

“లెక్కపెట్టేది నువ్వేగా?”

“నేనే.”

“ఎందుకు ఖాళీగా ఉందని రాస్తావా?”

“కాగితంలో దానికి చోటు లేదు.”

ప్రెసిడెంటు ముద్ద చేతిలో అట్లాగే పట్టుకుని కాసేపు గోడ వైపు చూశాడు. తరవాత మారు వడ్డించుకున్నాడు. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఈల వేసుకుంటూ వెళ్లాడు.

“వాడికి అన్నీ చెప్పేశారెందుకు?” అంది భార్య. “వాడేదో తిరకాసు ఆలోచిస్తున్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టేముందు ఇట్లాగే ఈల వేసేవాడు.”

“అడిగాడు, చెప్పాను.”

“మీకు భయం లేదా?”

“ఉంది,” అన్నాడు సుద్దాయన. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం మధ్యాహ్నం సంఘం వాళ్లు చెప్పుల కొట్లో చేరారు. ఆ వేళకి నేను కొట్టు బోర్డుకి రంగు వేస్తూ బయట నిచ్చెన మీదున్నాను.

“వాళ్ల రూలుతోనే వాళ్లని కొడదాం,” అంటున్నాడు ప్రెసిడెంటు. “రేపణ్ణుంచి అందరం బళ్లు తీసుకెళ్లి గోదాము వెనక మైదానంలో పడేద్దాం. వీధి ఖాళీ చేసేద్దాం. ఖాళీ చూసి ధర దించుతారు. రెండు వారాలకో మెట్టు దిగుతూ నేలకి దిగాక మళ్లీ తెచ్చి పెట్టుకుందాం.”

“అబ్బో! భలే ఎత్తు!” అన్నాడు అద్దాల కొట్టాయన.

“ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మా బావకి.”

“పైన పెయింటరున్నాడండీ,” అని ఎవరో గుర్తుచేశారు.

“వాడికేం అర్థమవుతుందిలే,” అన్నాడు ప్రెసిడెంటు. నేను బోర్డు మీది చెప్పుకి మడమ దిద్దుతున్నాను. పని పాడవుతుందని కిందికి చూడలేదు.

మంగళవారం పొద్దున్న సుద్దాయన పీటలో ముప్పై నాలుగు బెజ్జాలు మిగిలాయి. ఆయన ఇంకోసారి తిరిగొచ్చి లెక్కపెట్టాడు. ముప్పై నాలుగే. కాగితంలో వేశాడు. మొదటిరోజు ఆ ఖాళీల్ని ఎవరూ నమ్మలేదు. కార్లు నెమ్మదిగా వచ్చి, తలలు బయటపెట్టి చూసి, ముందుకెళ్లిపోయాయి. ఒకాయన సుద్దాయన పక్కన ఆపి, “ఏమైందండీ? గొడవేమైనా జరిగిందా?” అని అడిగాడు.

“లేదు. ఆపుకోండి.”

“నిజంగానా?”

ఆయన కారాపి, దిగి, రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ అద్దాల కొట్లోకి వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో కొత్త కళ్లజోడుతో బయటికొచ్చి వెళ్లిపోయాడు. గంటకి రెండున్నర కాఫీలంటే ఎవరూ ఊరికే కూర్చోరు. కావలసింది కొనుక్కుని కదులుతారు. పద్దెనిమిదో గడిలో అదివరకు రోజంతా ఒకటే వాల్వు, నాలుగు దగ్గర. ఇప్పుడు ఒక్కరోజులో పదకొండు కార్లు వచ్చి వెళ్లాయి. సుద్ద తొందరగా అరిగిపోతోంది.

వారం తిరక్కుండా ఇంజనీరమ్మ గబగబా వీధిలోకొచ్చింది. మొహం ఎర్రబడి ఉంది.

“విన్నారా? వాళ్లు కావాలని బళ్లు తీసేశారట! ధర దింపించడానికి. అంటే ఈ లెక్కంతా దొంగలెక్క. వాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు.”

సుద్దాయన ఒక మేకు బిగించి తలెత్తాడు. “మోసం చెయ్యడానికి బళ్లు తీశారామ్మా?”

“అవును.”

“తీశారు కదా.”

ఆవిడ వీధి వైపు చూసింది. ఆరో నంబరు బస్సు ఎవరికీ దారి ఇవ్వకుండా, ఎవర్నీ అడగకుండా వాళ్ల ముందునుంచి వెళ్లిపోయింది.

“నేను దీని గురించి ఐదేళ్లు చదివానండీ,” అంది.

“మంచిదమ్మా. ఇప్పటికి పద్నాలుగు ఖాళీలు.”

పదో వారం చివర ధర ఒక మెట్టు దిగింది. నేను అంకె మారుస్తుంటే ప్రెసిడెంటు నిచ్చెన కింద నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. పది వారాల్లో ఆయన మొహంలో నవ్వు నేను చూడటం అదే మొదటిసారి. “చూశావా బావా?” అన్నాడు. “చూశాను” అన్నాడు అటుగా వచ్చిన సుద్దాయన. ఆ తరవాతి రెండు వారాల్లో ధర తగ్గిందని ఇంకా కొంతమంది వచ్చారు. ఖాళీలు తొమ్మిదయ్యాయి, ఏడయ్యాయి, చివరికి ఎనిమిది దగ్గర నిలబడ్డాయి.

చివరి వారం వచ్చింది. బస్సు కంపెనీ వాచీ మనిషి సోమవారం సాయంత్రం మొదటి సీట్లో కూర్చున్నాడు. ఎనిమిది నిమిషాలు. మంగళవారం తొమ్మిది. బుధవారం ఎనిమిది. గురువారం ఎనిమిదిన్నర. రాత్రి భోజనం దగ్గర భార్య ఆ అంకెలు చెప్పేది, ఆయన తలూపేవాడు. ఇద్దరూ శుక్రవారం మాట ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక ప్రెసిడెంటు బావ దగ్గరికొచ్చాడు.

“రేపు ఇంకో మెట్టు దిగుతుందిగా?”

“దిగదు. ఎనిమిదే ఉన్నాయి.”

“ఎనిమిదేంటి! మేమందరం తీసేశాం కదా!”

“జనం పెట్టుకుంటున్నారురా.”

“ఏ జనం?”

“కొనేవాళ్లు.”

ప్రెసిడెంటు వీధంతా కలయజూశాడు. “అంటే ఇంక దిగదన్నమాట. మేం ఖాళీ చేసిపెడితే ఎవడెవడో వచ్చి కూర్చున్నాడన్నమాట. సరే, నా చోట్లో నేనే పెట్టుకుంటా. ఎంతైతే అంత!” అని విసవిసా మైదానం వైపు వెళ్లాడు.

వ్యాను తీసుకుని వచ్చేసరికి ఐదున్నర. పద్దెనిమిదో గడిలో ఒక నీలం కారుంది. అది తీసేదాకా ఆగుతానని వ్యాను నడివీధిలో నిలిపేశాడు. వెనకాలే ఆరో నంబరు బస్సు వచ్చి ఆగింది. మొదటి సీట్లో వాచీ మనిషి. మూడో కిటికీలో ఒళ్లో బఠాణీ డబ్బాతో ఆయన అక్క.

డ్రైవరు హారన్ కొట్టాడు. వ్యాను కదల్లేదు. బస్సు వీధిలోకి వచ్చి అప్పటికి ఆరు నిమిషాలు.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. ముందున్న తెల్ల వ్యానుని గుర్తుపట్టింది.

“ఒరేయ్! తియ్యరా పక్కకి!”

“రెండు నిమిషాలక్కా! ఈ కారు తీసేస్తారు!”

“ఇవాళ ఆఖరిరోజురా దరిద్రుడా! లోపల వాచీ పెట్టుకుని కూర్చున్నాడు!”

“నా కొట్టు ముందు నాకు చోటు లేకపోతే ఎట్లా అక్కా?”

బస్సులో వాళ్లందరూ ఒక పక్కకి వచ్చారు. వాచీ మనిషి వాచీ చూసుకుని కాగితం మీద ఏదో గీత గీశాడు. సుద్దాయన పీట చంకన పెట్టుకుని వీధి అవతలి చివర్నుంచి వచ్చాడు. పరిగెత్తలేదు, కానీ ఆయన అంత పొడుగు అంగలు వెయ్యడం నేను ముందు చూడలేదు. వ్యాను కిటికీ దగ్గరికొచ్చి, అలవాటు ప్రకారం వంగాడు.

“ఆ నీలం కారావిడ నీ కొట్లోనే ఉందిరా.”

“నా కొట్లోనా?”

“నలుగురు పిల్లలతో వచ్చింది. బడి తెరుస్తున్నారని అందరికీ బూట్లు చూస్తోంది. ఎనిమిది కాళ్లు. ఇప్పటికి ఇద్దరికే అయ్యాయి. కారు తియ్యమని చెప్పి రమ్మంటావా?”

ప్రెసిడెంటు తన కొట్టు అద్దం వైపు చూశాడు. లోపల నాలుగో పిల్ల ఇంకా వట్టికాళ్లతో బల్లెక్కి కూర్చుని ఉంది. బస్సు హారన్ మళ్లీ మోగింది. ఆయన స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశాడు.

“వద్దు వద్దు వద్దు,” అన్నాడు. “చూసుకోనీ నిదానంగా.”

“యాభై ఒకటి ఖాళీగా ఉంది.”

“అంత దూరమా?”

సుద్దాయన పీట చూపించాడు. యాభై ఒకటో బెజ్జం ఖాళీగా ఉంది. ప్రెసిడెంటు దాన్ని చూశాడు, వ్యాను అద్దంలో అక్క మొహం చూశాడు, గేరు వేశాడు.

బస్సు వీధి చివర మలుపు తిరిగేసరికి తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. వాచీ మనిషి కాగితం మీద పది అని వెయ్యబోయాడట. సుద్దాయన భార్య లేచి వెళ్లి అతని భుజం మీదుగా వంగి, వాచీలో ఎంతుందో అంతే వెయ్యమందట. అతను అంతే వేశాడు.

ఆరో నంబరు బజారు వీధిలోనే నడుస్తోంది. బోర్డు మీద అంకె రెండు నెలలుగా మారలేదు, నాకు వేరేచోట పని చూసుకోవాల్సొచ్చింది. ప్రెసిడెంటు వ్యాను మైదానంలోనే ఉంటోంది. ఆ శుక్రవారం యాభై ఒకటి నుంచి నడిచొచ్చేసరికి కొట్టులో పిల్లల బూట్లు నాలుగు జతలతోపాటు వాళ్లమ్మకి ఇంకో జత కూడా అమ్ముడుపోయింది. వీధిని ఖాళీ చేయించిన ఎత్తు తనదేనని ఆయన ఇప్పటికీ సంఘంలో చెప్పుకుంటాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి బావ కాదనడు.

మొన్న ఒక సాయంత్రం సుద్దాయన కుర్చీలో నడుం వాల్చి కూర్చున్నాడు, చెక్క కుర్చీ. భార్య వచ్చి సంచి బల్ల మీద పెట్టింది. డబ్బాలో గింజలు అడుగున గుప్పెడున్నాయి. సంచి నిండా కాయలే.

“అయిపోలేదేం?” అన్నాడు.

“ఎక్కడవుతాయి? కూర్చుని నాలుగు ఒలిచేసరికి వీధి దాటేసింది.”

“మంచిదేగా.”

“ఏం మంచి? బస్సులో అయ్యే పని ఇంటికొచ్చింది. మీ లెక్కలవల్లే కదా, మిగతావి మీరే ఒలవండి.”

ఆయన డబ్బా దగ్గరికి లాక్కుని, అలవాటైన నడుం వంచి ఒలవడం మొదలుపెట్టాడు. ఆవిడ మోకాలు చాపుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి గమనించింది, ఏడు కాయల గింజలు డబ్బాలోకి వెళ్తున్నాయి, ఎనిమిదో కాయ గింజలు ఆయన నోట్లోకి వెళ్తున్నాయి.

“అదేంటి?”

“కొంచెం ఖాళీ ఉండాలి,” అన్నాడు సుద్దాయన.